నెలసరి ఆగాక ఎముకలు గుల్లబారకుండా ఏం చేయాలి, ఏ వరుసలో చేయాలి

నెలసరి ఆగిపోయిన ఆడవాళ్ళకు మన ఇళ్ళలో దొరికే సలహా ఒకటే: "కాల్షియం బిళ్ళ వేసుకో." ఆ బిళ్ళ తప్పేమీ కాదు. కానీ చేయాల్సిన పనుల్లో అది మొదటిదీ కాదు, అన్నిటికన్నా ముఖ్యమైనదీ కాదు. ఎముక ఎక్కువగా కరిగిపోయేది నెలసరి ఆగిన మొదటి ఐదారేళ్ళలో. అప్పుడు నొప్పి ఉండదు, పైకి ఏ గుర్తూ కనిపించదు. అరవై ఐదేళ్ళకు బాత్‌రూమ్‌లో జారి తుంటి విరిగితే అందరూ ఆ తడి బండల్ని తిట్టుకుంటారు. ఎముక మాత్రం పదిహేనేళ్ళ కిందటి నుంచే పల్చబడుతూ వచ్చి ఉంటుంది. అందుకే ఇది నలభై ఐదు, యాభై ఏళ్ళ వయసులో ఉన్నవాళ్ళు ముందుగా చదవాలి. అరవై దాటినవాళ్ళు చేయగలిగిందీ చాలా ఉంది, అదీ రాశాను.

అసలు జరిగేదేమిటో రెండు ముక్కల్లో చెబుతాను. ఎముక ఒకసారి తయారై అలాగే ఉండిపోయేది కాదు. ఒక రకం కణాలు పాత గోడను కాస్త కాస్తగా కూలుస్తుంటాయి, వాటి వెనకాలే మేస్త్రీల్లాంటి మరో రకం కణాలు కొత్తగా కడుతుంటాయి. కూల్చేవాటిని అదుపులో పెట్టేది ఈస్ట్రోజెన్ హార్మోన్. అండాశయాలు దాన్ని తయారు చేయడం మానేయగానే కూల్చుడు ముందుకు పోతుంది, కట్టుడు వెనకబడుతుంది. ఆ రోజుల్లో ఏడాదికి రెండు మూడు శాతం చొప్పున, ఐదు నుంచి ఏడేళ్ళలో కొందరికి ఇరవై శాతం దాకా ఎముక పోతుంది. వెన్నుపూసల లోపలి భాగం జల్లెడలా ఉంటుంది కాబట్టి దెబ్బ ముందు అక్కడే పడుతుంది. నెలసరి ఆగడానికీ ఎముకలు గుల్లబారడానికీ ఉన్న ఈ సంబంధాన్ని ఫుల్లర్ ఆల్‌బ్రైట్ అనే అమెరికన్ వైద్యుడు 1940ల మొదట్లోనే బయటపెట్టారు. ఇన్నేళ్ళయినా మన దగ్గర చాలామందికి ఎముక విరిగాక గానీ ఈ మాట చెవిన పడడం లేదు.

ముందు కాగితాలు వెతకండి

మీకు ఈస్ట్రోజెన్ ఎప్పుడు ఆగిందో తెలియాలి. మిగతా లెక్కలన్నీ దాని మీదే ఉంటాయి. మామూలుగా ఆగినవాళ్ళకు ఇది సులువే. చివరి నెలసరి తర్వాత పన్నెండు నెలలు ఏమీ కనిపించకపోతే మెనోపాజ్ వచ్చినట్టు. మన దేశంలో ఇది సగటున నలభై ఆరు, నలభై ఏడేళ్ళకే వస్తోంది. అంటే పాశ్చాత్య దేశాల ఆడవాళ్ళకన్నా మన ఎముకలు నాలుగైదేళ్ళ ముందే ఈ రక్షణ కోల్పోతున్నాయి.

కష్టమంతా గర్భసంచి తీయించుకున్నవాళ్ళది. ఈ విషయం గురించి తెలుగువాళ్ళం ప్రత్యేకంగా మాట్లాడుకోవాలి. 2015–16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశం మొత్తం మీద 15–49 ఏళ్ళ ఆడవాళ్ళలో గర్భసంచి తీసేసినవాళ్ళు మూడు శాతం చిల్లర ఉంటే, ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు తొమ్మిది శాతం, తెలంగాణలో దాదాపు ఎనిమిది శాతం ఉన్నారు. తెల్లబట్ట అనో, కడుపు నొప్పి అనో ముప్పై ఐదేళ్ళకే పెద్దాపరేషన్ చేయించుకుని, ఆ తర్వాత ఎముకల సంగతి ఎవరూ చెప్పక వదిలేసినవాళ్ళు మన ఊళ్ళలో ఎంతమందో. వాళ్ళను తలుచుకుంటే నాకు బాధే కాదు, కోపం కూడా వస్తుంది.

గర్భసంచి ఒక్కటే తీశారా, అండాశయాలు కూడా తీశారా అన్నది చూడండి. ఆపరేషన్ అప్పటి డిశ్చార్జ్ కాగితం మీద 'టీఏహెచ్' అని మాత్రమే ఉంటే గర్భసంచి తీశారని అర్థం. దాని పక్కన 'బీఎస్ఓ' అని కూడా ఉంటే రెండు అండాశయాలూ తీసేశారు, అంటే మీకు ఆ రోజే, ఒక్కసారిగా మెనోపాజ్ వచ్చింది. అండాశయాలు ఉంచినా అవి మామూలుకన్నా కొన్నేళ్ళు ముందే పనిచేయడం మానేయవచ్చు. నెలసరి ఎలాగూ రాదు కాబట్టి అది బయటికి తెలియదు. కాగితాలు పోయి ఉంటే కడుపు స్కానింగ్‌లో అండాశయాలు ఉన్నదీ లేనిదీ చాలావరకు తెలుస్తుంది, ఎఫ్‌ఎస్‌హెచ్ అనే రక్తపరీక్షతో అవి పనిచేస్తున్నాయో లేదో అంచనా వేస్తారు. నలభై ఐదేళ్ళ లోపే ఈస్ట్రోజెన్ ఆగిపోయిందని తేలితే, ఇక్కడే ఆగి హార్మోన్ల గురించి కింద రాసిన భాగం ముందు చదవండి. మీకు అదే మొదటి పని.

మీ ఎత్తు కొలిచి రాసిపెట్టుకోండి

చెప్పుల్లేకుండా గోడకు మడమలు, వీపు ఆనించి నిలబడండి. తల మీద గట్టి అట్ట పుస్తకం అడ్డంగా పెట్టించి గోడ మీద గీత గీయించండి. టేపుతో కొలిచి తేదీ వేసుకోండి. వయసులో ఉన్నప్పటి ఎత్తుకన్నా నాలుగు సెంటీమీటర్లు, అంటే ఒకటిన్నర అంగుళం తగ్గి ఉంటే వెన్నుపూస ఏదో నలిగి ఉండవచ్చు. వెన్నుపూసలు విరిగితే చాలాసార్లు నొప్పి కూడా రాదు. వచ్చినా "నడుం పట్టేసింది" అనుకుని బామ్ రాసుకుంటారు. మెడ కింద గూని కనిపించడం, కింది పక్కటెముకకూ తుంటి ఎముకకూ మధ్య రెండు వేళ్ళు కూడా పట్టకపోవడం ఇలాంటి గుర్తులే. వీటిలో ఏది ఉన్నా వెన్నెముకకు పక్క నుంచి ఎక్స్‌రే తీయించండి.

మోకాళ్ళ నొప్పి వేరే సంగతి. అది కీలు అరిగిపోవడం వల్ల వస్తుంది. ఎముక గుల్లబారితే విరిగేదాకా నొప్పి ఉండదు. మోకాళ్ళు బాగున్నాయి కదా అని ఎముకలు కూడా గట్టిగా ఉన్నాయనుకోకండి.

అదే కాగితం మీద ఇంకొన్ని విషయాలు రాయండి. అమ్మకో నాన్నకో తుంటి విరిగిందా? యాభై దాటాక మీకు చిన్న దెబ్బకే మణికట్టు గానీ ఇంకే ఎముక గానీ విరిగిందా? బాగా సన్నగా ఉంటారా? థైరాయిడ్, కీళ్ళవాతం, కిడ్నీ జబ్బు ఉన్నాయా? చుట్ట, సిగరెట్ అలవాటు ఉందా? ముఖ్యంగా, మూడు నెలలకు పైగా స్టెరాయిడ్ మాత్రలు వాడారా? ఆస్తమాకో కీళ్ళవాతానికో డాక్టర్ రాసిచ్చినవైతే మీకు తెలిసే ఉంటుంది. పేరూ ఊరూ లేని పొట్లాల్లో వచ్చే నొప్పుల పొడుల సంగతి మాత్రం తెలియదు. ఎన్నేళ్ళ నొప్పయినా రెండు రోజుల్లో మాయం చేసే పొడి ఉందంటే అందులో స్టెరాయిడ్ కలిసి ఉండవచ్చని అనుమానించండి. ఎముకల్ని వేగంగా తినేసే మందుల్లో స్టెరాయిడ్ ముందు వరసలో ఉంటుంది. అయితే అలాంటిది చాలా రోజులుగా వాడుతుంటే ఉన్నపళాన ఆపేయకండి, ఆ పొట్లం పట్టుకుని డాక్టర్ దగ్గరికి వెళ్ళండి. స్టెరాయిడ్ హఠాత్తుగా మానడమూ ప్రమాదమే.

డెక్సా స్కాన్: ఎప్పుడు, ఎలా, రిపోర్ట్ ఎలా చదవాలి

డెక్సా అంటే ఎముక ఎంత దట్టంగా ఉందో కొలిచే ఎక్స్‌రే లాంటి పరీక్ష. అరవై ఐదేళ్ళు దాటిన ప్రతి ఆడమనిషికీ ఈ పరీక్ష అవసరం. పైన రాసుకున్న కాగితంలో ఒక్కటి నిజమైనా, నలభై ఐదుకు ముందే నెలసరి ఆగినా, అరవై ఐదు దాకా ఆగకుండా ఇప్పుడే చేయించమని అడగండి.

ఉచిత శిబిరాల్లో మడమ కింద చిన్న మెషిన్ పెట్టి "మీ ఎముకలు వీక్‌గా ఉన్నాయి" అని కాగితం ఇస్తుంటారు. అది జబ్బును తేల్చే పరీక్ష కాదు. దాన్నిబట్టి మందులు మొదలుపెట్టకండి, అందులో బాగుందని వస్తే నిశ్చింతగానూ ఉండకండి. నడుముకూ తుంటికీ తీసే డెక్సా మీదే నిర్ణయాలు జరుగుతాయి.

పరీక్షకు ముందు ఇరవై నాలుగు గంటలు కాల్షియం బిళ్ళ మానేయండి. నడుము దగ్గర లోహం ఏదీ ఉండకూడదు. చీర కుచ్చిళ్ళకు పెట్టిన పిన్నీసు, డ్రాయర్ జిప్పు, మొలతాడుకున్న బిళ్ళ, నడుముకు దోపుకున్న తాళంచెవులు తీసేయండి. ఈ మధ్యనే రంగుమందు ఎక్కించి సీటీ స్కాన్ తీయించుకుని ఉంటే ఆ మాట ముందే చెప్పండి. ఆ పైన పది పదిహేను నిమిషాలు బల్ల మీద పడుకోవడమే. సూదులుండవు, రేడియేషన్ చాలా తక్కువ.

రిపోర్ట్‌లో బొమ్మలు, రంగులు, అంకెలు చాలా ఉంటాయి. మీరు చూడాల్సింది 'టీ స్కోర్'. ఆరోగ్యంగా ఉన్న పడుచు వయసు ఆడవాళ్ళ ఎముకతో పోలిస్తే మీది ఎంత తక్కువో అది చెబుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1994లో పెట్టిన కొలమానం ప్రకారం మైనస్ 1, అంతకన్నా పైన ఉంటే మామూలు. మైనస్ 1కీ మైనస్ 2.5కీ మధ్య ఉంటే ఎముక పల్చబడింది, దీన్ని ఆస్టియోపీనియా అంటారు. మైనస్ 2.5, అంతకన్నా కింద ఉంటే గుల్లబారింది, అదే ఆస్టియోపోరోసిస్. నడుముకొకటి, తుంటికొకటి స్కోర్ ఇస్తారు. రెండిట్లో తక్కువగా, అంటే ఎక్కువ మైనస్‌లో ఉన్నదాన్నే లెక్కలోకి తీసుకోవాలి. పెద్దవయసులో నడుము ఎముకలకు అరుగుదల వల్ల కొమ్ముల్లా పెరిగి ఉంటే ఆ స్కోర్ ఉన్నదానికన్నా బాగున్నట్టు వస్తుంది. అప్పుడు తుంటి స్కోర్‌నే నమ్మాలి.

నల్గొండ, ప్రకాశం జిల్లాల్లో ఫ్లోరైడ్ నీళ్ళు తాగి పెరిగినవాళ్ళకు ఇంకో చిక్కుంది. ఫ్లోరైడ్ చేరిన ఎముక స్కాన్‌లో దట్టంగా కనిపిస్తుంది, కానీ పెళుసుగా ఉంటుంది. స్కోర్ ఎంత బాగా వచ్చినా బలంగా ఉన్నట్టు కాదు. ఏ ఊళ్ళో పెరిగారో, ఎన్నేళ్ళు బోరునీళ్ళు తాగారో డాక్టర్‌కు చెప్పండి, వాళ్ళంతట వాళ్ళు అడక్కపోవచ్చు.

స్కాన్‌తో పాటు కొన్ని రక్తపరీక్షలు కూడా అడగండి: కాల్షియం, విటమిన్ డి, క్రియాటినిన్, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్, థైరాయిడ్. మందు మొదలుపెట్టాక కంటే ముందే ఇవి చూసుకోవడం మేలు.

కాల్షియం తిండిలో లెక్కపెట్టండి, లోటుకు మాత్రమే బిళ్ళ

భారత వైద్య పరిశోధన మండలి, హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ కలిసి 2020లో ఇచ్చిన లెక్క ప్రకారం మెనోపాజ్ తర్వాత రోజుకు 1200 మిల్లీగ్రాముల కాల్షియం కావాలి. వినడానికి పెద్ద అంకే గానీ మన వంటింట్లో లేనిదేమీ కాదు.

ఒక రోజు తిండి తీసుకుందాం. పొద్దున ముప్పై గ్రాముల పిండితో రాగి జావ, సుమారు 100 మిల్లీగ్రాములు. ఒక గ్లాసు పాలు, అంటే 200 మిల్లీలీటర్లు, దాదాపు 240. మధ్యాహ్నం పప్పులో గుప్పెడు మునగాకు, యాభై గ్రాములుంటే 150. అన్నంలో మొదటి ముద్దకు రెండు చెంచాల నువ్వుల పొడి, 120 దాకా. చివర్లో ఒక కప్పు గట్టి పెరుగు, 180 దాకా. రాత్రి పడుకునే ముందు ఇంకో గ్లాసు పాలు, 240. ఇక్కడికే వెయ్యి దాటింది. మిగతా పప్పులూ కూరలూ కలిపితే కావాల్సిన దానికి దగ్గరగా వచ్చినట్టే. పాలు పడనివాళ్ళు రాగి సంగటి, ఉలవలు, ముల్లుతో సహా నమిలి తినే చిన్న చేపలు పెంచుకోవచ్చు.

నాలుగు వంతుల నీళ్ళు పోసిన మజ్జిగను పెరుగు లెక్కలో రాసుకోకండి. కాఫీలో, టీలో పడే పాలు గ్లాసులో నాలుగో వంతు కూడా ఉండవు. పాలకూరలో కాల్షియం ఉంది గానీ, దాన్ని ఆక్సలేట్ పట్టి ఉంచుతుంది కాబట్టి ఒంటికి పట్టేది చాలా తక్కువ. దానికన్నా మునగాకు నయం. ఊరగాయలు, అప్పడాలు ఎక్కువైతే ఆ ఉప్పుతో పాటు కాల్షియం మూత్రంలో పోతుంది. ఆడపిల్ల పెద్దమనిషి అయితే చిమ్మిలి చేసి పెట్టడం మనకు ఎరుకే. నువ్వులు అంత అవసరమయ్యే రోజులు యాభై ఏళ్ళకు మళ్ళీ వస్తాయి, అప్పుడు మాత్రం ఎవరూ చేసి పెట్టరు. మీరే చేసుకోండి. షుగర్ ఉంటే బెల్లం లేకుండా పొడి చేసుకోండి.

కాల్షియంతో పాటు మాంసకృత్తులు కూడా చూసుకోవాలి. బరువులో కిలోకు ఒక గ్రాము లెక్కన పప్పు, గుడ్డు, చేప, పాలు, శనగలు ఉండాలి. రాత్రిపూట పచ్చడి మెతుకులతో సరిపెట్టుకునే అలవాటును ముందు మానుకోండి.

ఇంత తిన్నా లోటుంటే అప్పుడు బిళ్ళ. రెండు పూటలా కలిపి వెయ్యి మింగేయకుండా, లోటు ఎంతో అంతే వేసుకోండి. ఒకేసారి 500 మిల్లీగ్రాములకు మించి ఒంటికి సరిగా పట్టదు. డబ్బా మీద పెద్ద అంకె 'కాల్షియం కార్బొనేట్ 1250' అని ఉండి, కింద చిన్నక్షరాల్లో 'ఎలిమెంటల్ కాల్షియం 500' అని ఉంటుంది. మీ లెక్కకు కావాల్సింది ఈ రెండోది. కార్బొనేట్ రకాన్ని అన్నం తిన్న వెంటనే వేసుకోవాలి. గ్యాస్ కోసం రోజూ మాత్ర మింగేవాళ్ళకు సిట్రేట్ రకం మేలు. పొద్దున పరగడుపున థైరాయిడ్ మాత్ర వేసుకునేవాళ్ళు దానికీ కాల్షియానికీ నాలుగు గంటలు తేడా ఉంచాలి, లేకపోతే థైరాయిడ్ మాత్ర సరిగా పనిచేయదు. రక్తం కోసం ఐరన్ బిళ్ళ వేసుకుంటుంటే దానికీ రెండు గంటల తేడా కావాలి. కిడ్నీలో రాళ్ళు వచ్చిన చరిత్ర ఉంటే డాక్టర్‌ను అడక్కుండా బిళ్ళ జోలికి వెళ్ళకండి.

విటమిన్ డి: ఎండ, పొట్లం

ఏడు గంటల లేత ఎండ హాయిగా ఉంటుంది గానీ విటమిన్ డి తయారయ్యే కిరణాలు అందులో చాలా తక్కువ. మీ నీడ మీకన్నా పొట్టిగా ఉండే వేళ ఎండ కావాలి. అంటే పది నుంచి మూడు మధ్య, ముఖం, చేతులకు తగిలేలా ఇరవై నిమిషాలో అరగంటో. వేసవిలో పది గంటలప్పుడే ముగించేయండి, వడదెబ్బ తెచ్చుకోవద్దు. కిటికీ అద్దంలోంచి పడే ఎండ పనికిరాదు.

ఎండలు ఇంతగా కాసే చోట ఉంటూ కూడా మనలో చాలామందికి విటమిన్ డి తక్కువగానే ఉంటుంది. రక్తపరీక్షలో 20 కన్నా తక్కువ వస్తే డాక్టర్లు సాధారణంగా 60,000 యూనిట్ల పొట్లం లేదా మాత్ర వారానికొకటి చొప్పున ఎనిమిది వారాలు రాస్తారు, ఆ తర్వాత నెలకొకటి. చీటీలో 'వారానికి' అని రాసింది చూడకుండా రోజూ వేసుకుని, వాంతులతో, కిడ్నీ దెబ్బతిని ఆసుపత్రి పాలైనవాళ్ళు ఉన్నారు. వారంలో ఒక రోజు ఎంచుకుని, ఆదివారమనుకుందాం, కేలెండర్‌లో ఆ ఎనిమిది ఆదివారాలకూ గుర్తు పెట్టండి. పాలతోనో భోజనం తర్వాతో వేసుకోండి. ఎనిమిది అయిపోయాక షాపువాడు ఇస్తున్నాడు కదా అని ఏళ్ళ తరబడి వారం వారం కొనకండి.

నడక సరిపోదు, బరువు ఎత్తాలి

ఈ భాగం దగ్గరే ఎక్కువమంది ఆగిపోతారు. నడక గుండెకు, షుగర్‌కు మంచిది. ఎముకను నిలబెట్టడానికి మాత్రం అది చాలదు. కండరం గట్టిగా లాగినప్పుడే, మామూలుగా మోసే దానికన్నా ఎక్కువ బరువు పడినప్పుడే ఎముక కట్టే కణాలకు పని దొరుకుతుంది. ఆస్ట్రేలియాలో గ్రిఫిత్ యూనివర్సిటీవాళ్ళు మెనోపాజ్ దాటి ఎముకలు పల్చబడిన నూటొక్క మందితో చేసిన పరిశోధన 2018లో అచ్చయింది. వాళ్ళలో సగంమంది వారానికి రెండుసార్లు, అరగంట చొప్పున, శిక్షకుల ముందు బాగా బరువులు ఎత్తారు. ఎనిమిది నెలల్లో వాళ్ళ నడుము ఎముక దాదాపు మూడు శాతం పెరిగింది. ఇంటి దగ్గర తేలిక వ్యాయామం చేసినవాళ్ళకు ఒక శాతానికి పైగా తగ్గింది. వాళ్ళ సగటు వయసు అరవై ఐదు. పెద్దవయసులో బరువులేమిటి అనేవాళ్ళకు ఈ మాట చెప్పండి.

ఇంట్లో ఇలా మొదలుపెట్టండి. చేతులు లేని గట్టి కుర్చీ గోడకు ఆనించి పెట్టి, చేతుల సాయం లేకుండా లేచి కూర్చోండి, పదిసార్లు. అది తేలికయ్యాక రెండు చేతుల్లో రెండేసి లీటర్ల నీళ్ళ సీసాలు పట్టుకుని చేయండి. గోడకు రెండు చేతులూ ఆనించి తోయడం పదిసార్లు. వంటింటి గట్టు పట్టుకుని ముని వేళ్ళ మీద లేచి, మడమలు 'దబ్' మని నేలకు తగిలేలా దిగడం ఇరవైసార్లు. చివరికి ఆ గట్టు పక్కనే ఒంటికాలి మీద ముప్పై సెకన్లు, కాలు మార్చి ఇంకో ముప్పై. వారానికి మూడు రోజులు చాలు, రోజు విడిచి రోజు చేయండి. నెలకోసారి బరువు పెంచండి. పెంచకపోతే ఫలితం అక్కడే ఆగిపోతుంది. వీలైతే జిమ్‌లోనో ఫిజియోథెరపిస్ట్ దగ్గరో సరిగా బరువెత్తడం నేర్చుకోవడం అన్నిటికన్నా మంచిది. చీర కట్టుకుని జిమ్‌కు ఎలా వెళ్ళాలన్న మొహమాటం పెట్టుకోకండి, పంజాబీ డ్రెస్‌తో హాయిగా చేయవచ్చు.

స్కోర్ మైనస్ 2.5 గానీ అంతకన్నా కింద గానీ ఉంటే, లేదా వెన్నుపూస ఇప్పటికే నలిగి ఉంటే, ముందుకు పూర్తిగా వంగే ఆసనాలు మానేయాలి. పశ్చిమోత్తానాసనం, హలాసనం, సూర్య నమస్కారాల్లో పాదాలు అందుకునే భంగిమ, ఇవన్నీ వెన్నుపూస ముందు భాగం మీద ఒత్తిడి పెంచుతాయి. మడమల మీద దబ్‌మని దిగడం కూడా ఫిజియోథెరపిస్ట్‌ను అడిగాకే. నిండు బిందెను నడుం వంచి ఎత్తడమూ అంతే ప్రమాదం. మోకాళ్ళు వంచి, బిందెను ఒంటికి దగ్గరగా పట్టుకుని లేవాలి, లేదా ఇంకొకరికి చెప్పాలి.

హార్మోన్ చికిత్స: భయపడి కాదు, లెక్క చూసి నిర్ణయించండి

పోయిన హార్మోన్‌ను మళ్ళీ ఇస్తే ఎముక నష్టం ఆగుతుంది. ఇది రుజువైన మాటే. మరి అందరికీ ఎందుకు ఇవ్వడం లేదంటే, అమెరికాలో జరిగి, 2002లో ఫలితాలు బయటికి వచ్చిన విమెన్స్ హెల్త్ ఇనిషియేటివ్ అనే పెద్ద అధ్యయనం కారణం. పదహారు వేలకు పైగా ఆడవాళ్ళు పాల్గొన్న ఆ పరీక్షలో ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిన్ (ప్రొజెస్టెరాన్ హార్మోన్ లాంటి మందు) కలిపి వాడినవాళ్ళకు తుంటి విరగడం మూడో వంతు తగ్గింది. కానీ ఏడాదికి పదివేల మందిలో ఎనిమిది రొమ్ము క్యాన్సర్లు, ఎనిమిది పక్షవాతాలు ఎక్కువ కనిపించాయి. పరీక్షను మధ్యలోనే ఆపేశారు. ఆ వార్తతో ప్రపంచమంతా హార్మోన్ మాత్రలంటే భయపడిపోయింది. వాళ్ళ సగటు వయసు అరవై మూడు అన్న సంగతి మాత్రం చాలామందికి చేరలేదు. అరవై లోపు, లేదా నెలసరి ఆగిన పదేళ్ళ లోపు మొదలుపెడితే చాలామందికి నష్టంకన్నా లాభమే ఎక్కువని తర్వాతి విశ్లేషణల్లో తేలింది.

ఎవరెవరు దీని గురించి గట్టిగా అడగాలి? నలభై ఐదేళ్ళ లోపే నెలసరి ఆగినవాళ్ళు, చిన్నవయసులో అండాశయాలు తీయించుకున్నవాళ్ళు మొదటివాళ్ళు. అడ్డు కారణాలు లేకపోతే వీళ్ళు మామూలుగా నెలసరి ఆగే వయసు దాకా, అంటే యాభై ఏళ్ళ వరకైనా హార్మోన్ వాడాలనే వైద్య సంఘాలు చెబుతాయి. వాళ్ళకు అది అదనంగా ఇస్తున్న మందు కాదు, ఆ వయసులో ఒంట్లో ఉండాల్సిందే. రెండోవాళ్ళు, యాభైల్లో ఉండి ఒంట్లోంచి ఆవిర్లు, రాత్రి చెమటలతో నిద్రలేక అవస్థ పడుతూ ఎముక కూడా పల్చబడినవాళ్ళు. ఒకే మందు రెండిటికీ పనిచేస్తుంది.

రొమ్ము క్యాన్సర్ వచ్చినవాళ్ళు, కాళ్ళలోనో ఊపిరితిత్తుల్లోనో రక్తం గడ్డకట్టినవాళ్ళు, గుండెపోటు, పక్షవాతం వచ్చినవాళ్ళు, లివర్ జబ్బు ఉన్నవాళ్ళు, కారణం తెలియని రక్తస్రావం ఉన్నవాళ్ళు వాడకూడదు.

గైనకాలజిస్ట్ దగ్గరికి వెళ్ళేటప్పుడు ఈ ప్రశ్నలు రాసుకుని వెళ్ళండి. "నాకు గర్భసంచి ఉంది, ఈస్ట్రోజెన్‌తో పాటు ప్రొజెస్టెరాన్ కూడా ఇస్తున్నారా?" గర్భసంచి ఉన్నవాళ్ళకు ఈస్ట్రోజెన్ ఒక్కటే ఇస్తే లోపలి పొర క్యాన్సర్ భయం ఉంది. లేనివాళ్ళకు ఈస్ట్రోజెన్ ఒక్కటే చాలు. "నాకు మాత్ర మంచిదా, చర్మానికి రాసుకునే జెల్ మంచిదా?" చర్మం ద్వారా ఇస్తే రక్తం గడ్డకట్టే భయం తక్కువ. "మామోగ్రామ్ (రొమ్ము ఎక్స్‌రే), బీపీ చూశాకే కదా మొదలుపెడుతున్నాం?" "మళ్ళీ ఎప్పుడు చూస్తారు, ఏడాదికోసారా?" ఒకటి గుర్తుంచుకోండి, హార్మోన్ ఆపేసిన నాటి నుంచి ఎముక నష్టం మళ్ళీ మొదలవుతుంది. ఆపే ముందే ఆ తర్వాత ఏం వాడాలో మాట్లాడుకోండి. యోనిలో మంట, పొడితనం కోసం ఇచ్చే ఈస్ట్రోజెన్ క్రీమ్ ఎముకలకు పనిచేయదు. సోయా మాత్రలూ, 'నేచురల్ హార్మోన్' పొడులూ వీటికి బదులు కావు.

స్కోర్ మైనస్ 2.5, అంతకన్నా కిందకు పోతే, ఎముక విరిగితే: మందులు

అప్పుడు తిండి, ఎండ, వ్యాయామం ఉండాల్సిందే గానీ అవి ఒక్కటే చాలవు. కాల్షియం, విటమిన్ డి లోటు ముందు సరిచేసి, పుచ్చుపళ్ళు పీకించేది ఉంటే ఆ పని కూడా ముగించుకుని మందు మొదలుపెడతారు.

వారానికొకసారి వేసుకునే అలెండ్రొనేట్ 70 మిల్లీగ్రాముల మాత్ర ఎక్కువమందికి ఇచ్చేది. దీన్ని వేసుకునే తీరులోనే తప్పు జరుగుతుంది. నిద్ర లేవగానే, కాఫీకి ముందు, నిండు గ్లాసు మంచినీళ్ళతో మింగాలి. ఆ తర్వాత అరగంట ఏమీ తినకూడదు, తాగకూడదు, నడుం వాల్చకూడదు. కాఫీతో వేసుకుంటే ఒంటికి సరిగా పట్టదు. పడుకుంటే గొంతులో, ఆహారనాళంలో పుండ్లు పడవచ్చు. గ్యాస్ సమస్య బాగా ఉన్నవాళ్ళకు ఏడాదికోసారి నరంలో ఎక్కించే జోలెడ్రోనిక్ యాసిడ్ ఉంది. ఎక్కించిన మర్నాడు జ్వరం, ఒళ్ళునొప్పులు రావడం మామూలే, రెండు మూడు రోజుల్లో తగ్గుతాయి. కిడ్నీ పరీక్ష చూడకుండా మాత్రం ఎక్కించుకోకండి.

ఆరు నెలలకోసారి ఇచ్చే డెనోసుమాబ్ ఇంజెక్షన్ బాగా పనిచేస్తుంది. కానీ దాన్ని మధ్యలో మానేస్తే ఆపి ఉంచిన నష్టమంతా ఒక్కసారిగా మొదలై ఒకదాని వెంట ఒకటి వెన్నుపూసలు విరిగే ప్రమాదం ఉంది. అమెరికాలో పిల్లల దగ్గరికి ఆరేసి నెలలు వెళ్ళివచ్చే అమ్మమ్మలు, నాయనమ్మలు ఈ ఇంజెక్షన్ మొదలుపెట్టే ముందే తర్వాతి డోసు ఎక్కడ, ఎవరు ఇస్తారో తేల్చుకోవాలి. ఆపాల్సి వస్తే దాని వెంటనే వేరే మందు మొదలుపెట్టాలి. ఎముక బాగా దెబ్బతిన్నవాళ్ళకు రోజూ పొట్టకు వేసుకునే టెరిపారటైడ్ ఇంజెక్షన్ రెండేళ్ళ దాకా ఇస్తారు, ఇది కొత్త ఎముకను కట్టిస్తుంది. అది పూర్తయ్యాక కూడా మరో మందుతో కాపాడుకోవాల్సిందే.

ఈ మందుల్లో కొన్నిటితో దవడ ఎముక దెబ్బతినడం, తొడ ఎముకకు చీలిక రావడం చాలా అరుదుగా జరుగుతాయి. అందుకే పళ్ళ డాక్టర్‌కు మీరు వాడే మందు పేరు చెప్పండి. తొడలో, గజ్జల్లో కొత్తగా నొప్పి మొదలై వారాల తరబడి ఉంటే ఎక్స్‌రే తీయించండి. ఆ అరుదైన భయంతో, విరగబోయే తుంటిని గాలికి వదిలేయడం మాత్రం సరైన లెక్క కాదు. మాత్రలైతే ఐదేళ్ళకు, ఏడాది ఇంజెక్షనైతే మూడేళ్ళకు కొనసాగించాలా, కొంతకాలం ఆపాలా అని డాక్టర్‌తో మళ్ళీ చూసుకోండి.

పడకుండా, పడినా

బాత్‌రూమ్‌లో కమోడ్ పక్కన, స్నానం చేసే చోట గోడకు స్టీలు రాడ్డు వేయించండి. టవల్ రాడ్డు మనిషి బరువు ఆపదు. మంచం నుంచి బాత్‌రూమ్ దాకా రాత్రంతా చిన్న లైటు ఉంచండి. గడప దగ్గర ముడుచుకుపోయే పట్టా, వాడి వాడి నున్నగా అరిగిన స్లిప్పర్లు తీసేయండి. తడిబట్ట పెట్టిన గంట దాకా పాలిష్ బండల మీద తిరగకండి. కళ్ళలో శుక్లాలుంటే ఆపరేషన్ వాయిదా వేయకండి. నిద్రమాత్రలు, బీపీ మాత్రల వల్ల లేవగానే కళ్ళు తిరుగుతుంటే డాక్టర్‌కు చెప్పండి.

పడ్డాక కాలు పొట్టిగా, బయటికి తిరిగినట్టు కనిపించి, లేవలేకపోతే తుంటి విరిగిందనే అనుకోవాలి. నాటు కట్టు కట్టించి మంచం మీద పడుకోబెడితే న్యుమోనియా, పుండ్లు, రక్తం గడ్డలతో మనిషి చేజారిపోతారు. తగిన స్థితిలో ఉంటే రెండు రోజుల్లోపే ఆపరేషన్ చేసి, మర్నాటి నుంచే లేపి నిలబెట్టడం మేలు. డిశ్చార్జ్ రోజున ఎముకల డాక్టర్‌ను ఒక ప్రశ్న తప్పక అడగండి: "ప్లేటు వేశారు సరే, మిగతా ఎముకలు విరగకుండా ఏ మందు రాశారు?" ఆ కాగితంలో కాల్షియం బిళ్ళ తప్ప ఏమీ లేకపోతే, కుట్లు విప్పే రోజుకల్లా డెక్సా, రక్తపరీక్షలు చేయించి పైన చెప్పిన మందుల్లో ఒకటి మొదలయ్యేలా చూడండి.

మందు వాడుతున్నవాళ్ళు ఏడాదికో రెండేళ్ళకో డెక్సా మళ్ళీ తీయించాలి. అదే సెంటర్లో, అదే మెషిన్ మీద తీయించండి. వేరే మెషిన్ అంకెలతో పోలిస్తే పెరిగిందో తగ్గిందో తేలదు. పాత రిపోర్ట్ వెంట తీసుకెళ్ళండి.